పసివాడు లోపల, తల్లి బయట: నైట్ లాచ్ పడిన ఒక ఇంటి కేసు

హైదరాబాదులో నిజాంపేట వైపున్న ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో, ఏప్రిల్ నెల సాయంత్రం వాన ముందు వీచిన గాలికి మూడో అంతస్తులోని ఒక ఫ్లాటు తలుపు దానంతట అదే మూసుకుపోయింది. రెండున్నరేళ్ల బాబు లోపల ఉండిపోయాడు, తల్లి బయట నిలబడిపోయింది, వంటింట్లో గ్యాసు పొయ్యి వెలుగుతూనే ఉంది. తాళాలు బాగుచేయడం, తెరవడం, మార్చడం నా వృత్తి కాబట్టి ఆ తలుపు తెరిచే పని నాకు వచ్చింది. ఆ ఇంటివారి అనుమతితోనే, వారిని గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను. తాళం పరంగా ఇందులో విశేషమేమీ లేదు. నగరంలో వేల ఇళ్లకు ఉన్న మామూలు నైట్ లాచే అది. అయితే తలుపు పడినప్పుడు ముందుగా చూడవలసినది తాళాన్ని కాదనీ, లోపల ఏముందో, ఎవరున్నారో దాన్నిబట్టే ఎంత త్వరపడాలో, ఎంత నష్టానికి ఒప్పుకోవాలో తేలుతుందనీ ఇంత స్పష్టంగా చూపిన కేసు నాకు మరొకటి తగల్లేదు.

తలుపు ఎలా పడింది

ఆ ఇల్లాలు ఎదురు ఫ్లాటువారి గిన్నె తిరిగి ఇవ్వడానికి గడప దాటి నాలుగడుగులు వేసింది. బాల్కనీ తలుపు తెరిచే ఉన్నందువల్ల గాలి హాలు మీదుగా సూటిగా వచ్చి, ఏ ఆపూ లేని టేకు తలుపును ఈడ్చి కొట్టింది. నైట్ లాచ్‌లో స్ప్రింగు మీద పనిచేసే ఏటవాలు నాలుక ఒకటి ఉంటుంది. తలుపు మూసుకునేటప్పుడు అది లోపలికి ఒదిగి, ద్వారబంధానికి బిగించిన పెట్టెలోకి రాగానే మళ్లీ బయటికి పొడుచుకువచ్చి కూర్చుంటుంది. లోపలివాళ్లకు పిడి తిప్పితే చాలు. బయటివాళ్లకు తాళంచెవి ఉండి తీరాలి. ఆ నాలుకను వెనక్కి లాగి అక్కడే నిలిపి ఉంచే చిన్న మీట చాలా నైట్ లాచ్‌లకు లోపలివైపు ఉంటుంది. గడప దాటే ముందు దాన్ని నొక్కే అలవాటు ఉంటే ఈ ప్రమాదమే ఉండదు. అయితే తాళం కొన్న రోజున చూపించేవారు లేక, ఆ మీట ఎందుకుందో తెలియని ఇళ్లే ఎక్కువ.

ఆ ఇంటికి మూడు తాళంచెవులు ఉన్నాయి. ఒకటి గచ్చిబౌలిలో ఆఫీసులో ఉన్న భర్త జేబులో ఉంది. రెండోది తలుపు వెనుక కొక్కేనికి వేలాడుతోంది. మూడోది తాళంతో పాటు వచ్చిన ప్లాస్టిక్ సంచిలోనే, విప్పకుండా, పడగ్గది బీరువాలో ఉంది. ఆమె ఫోను హాల్లో సోఫా మీద ఉండిపోయింది. ఎదురింటావిడ వెంటనే తన ఫోను చేతికిచ్చింది గాని, భర్త నంబరు ఆమెకు నోటికి రాలేదు. పెళ్లికి ముందునుంచీ మారని తెనాలిలోని పుట్టింటి నంబరు ఒక్కటే గుర్తుంది. ఆమె తల్లికి చేసింది, ఆ తల్లి అల్లుడికి చేసింది, అల్లుడు తన సహోద్యోగి దగ్గర నా నంబరు తీసుకుని నాకు చేశాడు. ఇంత చుట్టు తిరిగేసరికి పది నిమిషాలకు పైగా గడిచిపోయింది. తాళం తెరవడానికి పట్టిన సమయం కన్నా ఇదే ఎక్కువని తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది.

ఫోనులో జరిగిన పని

నేను బయలుదేరుతూనే, మెట్ల దగ్గర నిలబడి ఉన్న వాచ్‌మన్‌తో మాట్లాడాను. ఇలాంటి ఫోను వచ్చినప్పుడు తాళం ఏ కంపెనీదని నేను ముందుగా అడగను. లోపల ఎవరున్నారు, లోపల ఏది వెలుగుతోంది లేదా నడుస్తోంది, నైట్ లాచ్ కాక లోపలివైపు ఇంకేదైనా గడియ పడి ఉందా అన్నవే మొదట తెలియాలి. వాచ్‌మన్ చెప్పిన జవాబులు వరుసగా ఇవి: బాబు ఒక్కడే ఉన్నాడు, ఏడుస్తున్నాడు. పొయ్యి మీద కుక్కరులో పప్పు ఉంది. గడియల సంగతి తెలియదు. ఆ మూడో జవాబు నన్ను కలవరపెట్టింది. ఎందుకంటే తల్లి తలుపు అవతలినుంచి "గడియ తియ్యి నాన్నా, గడియ తియ్యి" అని మళ్లీ మళ్లీ అంటున్న మాట ఫోనులో నాకు వినిపిస్తోంది. రెండున్నరేళ్ల పిల్లవాడికి నైట్ లాచ్ పిడి అందదు. అందేది తలుపు అడుగున ఉండే చిన్న గడియ ఒక్కటే. వాడు దాన్ని లాగుతాడో, నేల రంధ్రంలోకి తోస్తాడో ఎవరు చెప్పగలరు? తోశాడంటే తాళం తెరిచినా తలుపు రాదు. అప్పుడిక బద్దలు కొట్టడమే మిగులుతుంది. అందుకని గడియ మాట ఎత్తవద్దనీ, బాబును తలుపు దగ్గరనుంచి వేరే చోటికి పిలవాలనీ చెప్పమన్నాను.

అదృష్టవశాత్తూ ఆ ఫ్లాటు చిన్న పడగ్గది కిటికీ కారిడార్‌లోకి తెరుచుకుంటుంది. ఇనుప గ్రిల్లు ఉన్నా అద్దం రెక్క ఓరగా తీసి ఉంది. తల్లిని ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఎదురింటావిడ ఫోనులో బాబుకు ఇష్టమైన పాటల వీడియో పెట్టించి, వాణ్ణి ఆ గదిలోకి రప్పించాము. వంటింటికీ తలుపుకూ ఒకేసారి దూరమయ్యాడు. ఇలాంటి చోట కంగారు పడవద్దని ఎంత చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు. కంగారులో ఉన్నవారికి ధైర్యం చెప్పడం కన్నా పని చెప్పడం మేలని నా అనుభవం. అంతవరకు తలుపును రెండు చేతులా బాదుతున్న ఆమె, కొడుకు ముఖం కనబడి, వాడికి పాట పాడవలసిన పని పడగానే మామూలు గొంతుతో మాట్లాడింది. తల్లి గొంతు మారిన కొద్దిసేపటికి పిల్లవాడి ఏడుపు కూడా తగ్గింది.

ఈలోగా పక్క ఫ్లాటు బాల్కనీనుంచి ఈ ఫ్లాటు బాల్కనీలోకి దూకుతానని ఒక కుర్రవాడు సిద్ధమయ్యాడు. రెండింటి మధ్య దూరం ఎక్కువేమీ కాదు, కాని కింద మూడంతస్తుల లోతు ఉంది, అప్పటికే వాన చినుకులు పడి సన్‌షేడ్ తడిసి ఉంది. ఆ ప్రయత్నం ఎట్టి పరిస్థితిలోనూ జరగకూడదని గట్టిగా చెప్పాను. తాళం పడిన ఇంటి దగ్గర ప్రాణం పోయే అవకాశం తలుపు దగ్గర కన్నా బాల్కనీ దగ్గరే ఎక్కువ. ఎక్కి దిగడం తప్పనిసరి అయితే అది నిచ్చెనలూ తాళ్లూ ఉన్న అగ్నిమాపక సిబ్బంది చేయవలసిన పని. వాచ్‌మన్‌చేత 101కి ఫోను చేయించాను. పసిపిల్లలు గాని, నడవలేని పెద్దలు గాని, వెలుగుతున్న పొయ్యి గాని లోపల ఉంటే, తాళం చేసేవాణ్ణి పిలిచినా సరే, 101కి లేదా 112కి వెంటనే చెప్పాలి. అంతమాత్రానికి ఫైరింజను ఎందుకని, వీధంతా చూస్తుందని మొహమాటపడేవారు ఇప్పటికీ ఉన్నారు. మొహమాటానికి అది సమయం కాదు.

ఎవరో మీటరు దగ్గర మెయిన్ ఆపేయమని సలహా ఇచ్చారు. లోపల ఇస్త్రీపెట్టె గాని, ఇండక్షన్ పొయ్యి గాని, నీళ్లలో వేసిన వాటర్ హీటరు గాని ఆన్‌లో ఉండిపోతే అది చాలా మంచి సలహా. సెల్లారులోని మీటరు బోర్డు దగ్గర ఆ ఫ్లాటు స్విచ్చి దించితే సగం ప్రమాదం తప్పిపోతుంది, ఇన్వర్టరు మీద నడిచేవి మాత్రం ఆగవని గుర్తుంచుకోవాలి. ఇక్కడ వెలుగుతున్నది గ్యాసు. కరెంటు తీస్తే పొయ్యి ఆరదు సరికదా, చీకటి పడుతున్న ఇంట్లో పసివాడు బెదిరి ఎటో పరుగెత్తుతాడు. కాబట్టి వద్దన్నాను.

కుక్కరు చెప్పిన సమయం

పొయ్యి సంగతి బయటనుంచి కనిపెట్టడానికి మాకున్న ఒకే ఆధారం కుక్కరు ఈల. ఈలలు వస్తున్నంతసేపూ మంట ఉంది, లోపల నీరు కూడా ఉంది. అవి ఆగిపోతే రెండింటిలో ఒకటి అయిపోయినట్టు. నీరు ఇగిరిపోతే అడుగంటిన వాసన వస్తుంది, వేడి హద్దు దాటితే మూత మీది సేఫ్టీ వాల్వ్‌లోని లోహం కరిగి ఆవిరిని వదిలేస్తుంది. పప్పు పాడవుతుంది, కుక్కరు పాడవుతుంది, పొగ వస్తుంది. మంట ఆరిపోతే సంగతి వేరు. పప్పు నీళ్లు పొంగి బర్నరు మీద పడి మంట ఆరితే గ్యాసు తనంతట తాను ఆగే ఏర్పాటు మన ఇళ్లలోని చాలా స్టవ్వులకు ఉండదు. వంట గ్యాసు గాలికన్నా బరువైనది. అది పైకిపోదు, నేల వెంబడి పరుచుకుంటుంది, పిల్లలు కూర్చునే ఎత్తులోనే ముందుగా చేరుతుంది. గ్యాసుకు సహజంగా వాసన లేదు గనుక లీకు తెలియడానికి ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే ఘాటైన వాసన పదార్థాన్ని కలుపుతారు. కారిడార్ కిటికీ దగ్గర కూర్చున్న తల్లికి ఆ వాసన తగిలినా, ఈలలు ఆగినా వెంటనే నాకు చెప్పమన్నాను. అలా తగిలిందంటే ఎవరూ కాలింగ్ బెల్ నొక్కకూడదు, ఏ స్విచ్చీ వేయకూడదు, తీయకూడదు. డ్రిల్లు ఊసే ఎత్తకూడదు. గ్యాసు లీకు ఫిర్యాదుకు 1906 అనే నంబరు దేశమంతటా ఉంది. అయితే లోపల మనిషి ఉన్నప్పుడు 101 ముందు.

నేను చేరేసరికి ఈలలు వస్తున్నాయి, వాసన లేదు. తర్వాతి నిర్ణయాలన్నీ ఆ రెండు విషయాల మీదే ఆధారపడ్డాయి.

తలుపు దగ్గర

భర్త అప్పటికే కారులో బయలుదేరాడు. సాయంత్రం ఆరు దాటాక గచ్చిబౌలినుంచి నిజాంపేటకు ఎంతసేపు పడుతుందో ఆ దారిలో తిరిగేవారికి నేను చెప్పనవసరం లేదు. "నేను వస్తున్నాను, తాళం పగలగొట్టకండి, ఓనరు ఊరుకోడు" అన్నది ఆయన మొదటి మాట. వాళ్లు అద్దెకున్నవారు, అడ్వాన్సు ఓనరు చేతిలో ఉంది, ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. నేను రెండు విషయాలు చెప్పాను. ముందు ఏమీ పాడుచేయకుండా తెరవడానికి ప్రయత్నిస్తాను, దానికి అయిదు నిమిషాలు గడువు పెట్టుకుంటాను. కాకపోతే తాళం మధ్యలోని సిలిండరు ఒక్కటే పోతుంది, తలుపుకు గీత పడదు, కొత్త సిలిండరు ఖరీదూ నా కూలీ కలిపి ఎంతవుతుందో ఇప్పుడే చెబుతాను. ధర ముందుగా చెప్పడం ఈ వృత్తిలో అందరూ పాటించే నియమం కాదు. ఫోనులో తక్కువ చెప్పి, తలుపు దగ్గరికి వచ్చాక ఎక్కువ అడిగేవారు ఉన్నారు గనుక, ఎంత హడావిడిలోనైనా మొత్తం ఎంతో అడిగి తెలుసుకుని, ఇంకొకరి సమక్షంలో ఒప్పించుకోవడం ఇంటివారికే మంచిది.

మొదటి ప్రయత్నం ఫలించలేదు. తలుపు లోపలికి తెరుచుకునేది, ద్వారబంధానికి లోతైన గాడి ఉంది. ఆ గాడి అంచు నాలుకకు అడ్డుగా నిలిచినందువల్ల బయటనుంచి దాన్ని అందుకోవడం కుదరలేదు. దొంగల భయం దృష్ట్యా చూస్తే అది మంచి వడ్రంగం. ఇక సిలిండరు: 1861లో లైనస్ యేల్ జూనియర్ అమెరికాలో పేటెంటు పొందిన పిన్నుల పద్ధతే, కొద్ది మార్పులతో, ఈనాటి నైట్ లాచ్‌లలోనూ ఉంది. స్ప్రింగుల మీద నిలిచిన అయిదారు జతల ఇత్తడి పిన్నులు తాళంచెవి పళ్లను బట్టి ఒకే మట్టానికి వచ్చినప్పుడే, తాళంచెవి దూరే లోపలి దుంప తిరుగుతుంది. చెవి లేకుండా వాటిని ఒక్కొక్కటిగా ఆ మట్టానికి తేవచ్చు, దాని వివరం ఇక్కడ రాయను. నాలుగు పిన్నులు కూర్చున్నాయి, మిగిలినది మొరాయించింది, అయిదు నిమిషాల గడువు ముగిసింది. ఆ సమయంలోనే ఈలల మధ్య ఎడం పెరగడం కిటికీ దగ్గరున్న తల్లి గమనించి చెప్పింది. ఇంకొంచెంసేపు చూద్దామనిపించడం మా వృత్తిలో సహజం. పాడుచేయకుండా తెరిచామన్న పేరు కోసం గంటలు గడిపేవారు మాలో లేకపోలేదు. ముందే గడువు పెట్టుకుంటే ఆ మోజుకు కళ్లెం పడుతుంది.

సిలిండరును డ్రిల్లు చేసే ముందు మరొకసారి చూడవలసింది పిల్లవాడు ఎక్కడున్నాడన్నదే. డ్రిల్లు చప్పుడుకు కొందరు పిల్లలు పారిపోతారు, కొందరు ఏమిటా అని తలుపు దగ్గరికి వచ్చి చెయ్యి పెడతారు. లోహపు రజను, విరిగిన పిన్నులు, కొన్నిసార్లు సిలిండరు వెనుక ఉండే పట్టీ ముక్క కూడా అవతలివైపు రాలతాయి. ఇదే కారణంవల్ల తలుపును తన్నడం, సుత్తితో బాదడం పిల్లలున్న ఇంట ప్రమాదం. లోపలికి ఎగిరే టేకు తలుపు వెనుక ఎవరున్నారో బయటివారికి కనబడదు. తల్లిని పాట ఆపవద్దన్నాను, ఎదురింటావిడ కిటికీలోంచి బాబును చూస్తూ "ఇక్కడే ఉన్నాడు" అని చెబుతూ ఉండేలా ఏర్పాటు చేశాను. గుంపుగా చేరినవారిలో వాచ్‌మన్ తప్ప మిగిలినవారిని మెట్ల మీదికి పంపాను. తెరుచుకోగానే ఎవరు ఎటు వెళ్లాలో కూడా ముందే అనుకున్నాము: తల్లి నేరుగా బాబు దగ్గరికి, నేను పొయ్యి దగ్గరికి, వాచ్‌మన్ కిటికీలు తెరవడానికి, లైటు స్విచ్చి జోలికి మాత్రం ఎవరూ పోకుండా.

సిలిండరు తొందరగానే లొంగింది. కింది గడియ పడి లేదు. పొయ్యి ఆపి, రెగ్యులేటరు కట్టేసి చూస్తే కుక్కరు అడుగున నీరు దాదాపు లేదు, పప్పు ఒకవైపు నల్లబడింది. ఫైరింజను అదే సమయానికి గేటు దగ్గరికి వచ్చింది. సిబ్బంది పైకి వచ్చి వంటింట్లో లీకు లేదని చూసుకుని వెళ్లారు. అనవసరంగా పిలిచారని వారిలో ఎవరూ అనలేదు.

ఆధారాల సంగతి

మామూలుగా ఎవరి తలుపైనా తెరిచే ముందు చిరునామా ఉన్న గుర్తింపు కార్డు గాని, ఆ ఇంటి కరెంటు బిల్లు గాని, కనీసం ఇద్దరు ఇరుగుపొరుగువారి మాట గాని అడుగుతాను. ఇక్కడ కార్డులన్నీ లోపలే ఉన్నాయి. బాబు కిటికీలోంచి "అమ్మా" అని పిలుస్తున్నప్పుడు ఇంకేం అడగాలి? అయినా తెరిచాక ఫ్లాటు నంబరు, పేరు, సమయం, చేసిన పని నా పుస్తకంలో రాసి ఆమె సంతకం తీసుకున్నాను. ఓనరుకు అదే సాయంత్రం ఫోను చేయించి, పాత సిలిండరు, కొత్తదాని బిల్లు ఫోటోలు పంపించాము. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. భర్త భయపడినదంతా ఊహే.

అదే రకం తాళం, వేరే నిర్ణయం

పోలిక కోసం మరొకటి క్లుప్తంగా చెబుతాను. అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకుని కోచింగుకు వెళ్లే ఒక అబ్బాయి అర్ధరాత్రి ఫోను చేసి, తాళంచెవి ఎక్కడో పడిపోయింది, వెంటనే వచ్చి తెరవమన్నాడు. ఇదే రకం నైట్ లాచ్. లోపల ఎవరూ లేరు, ఏదీ వెలగడం లేదు, మందులు వేసుకోవలసిన అవసరం లేదు, చేతిలో ఫోను, జేబులో డబ్బు ఉన్నాయి. స్నేహితుడి గదిలో పడుకుని, పొద్దున్నే ఓనరు దగ్గర రెండో చెవి ఉందేమో అడగమన్నాను. ఉంది. రాత్రి వేళ రెట్టింపు కూలీ, ఓనరు ముందు సంజాయిషీ రెండూ తప్పాయి. నిజాంపేటలో అయిదు నిమిషాలు కూడా ఎక్కువ అనిపించిన పనికి ఇక్కడ ఎనిమిది గంటలు ఆగినా నష్టం లేదు.

తర్వాత చేసిన మార్పులు

ఆ ఇంటివారు మొదట అడిగింది వేలిముద్రతో తెరుచుకునే డిజిటల్ తాళం గురించి. అంకెల కోడ్ మనసులో ఉంటే ఫోనూ తాళంచెవీ లోపల ఉండిపోయినా తలుపు తెరుచుకుంటుంది గనుక వీరి ఇబ్బందికి అది నిజంగానే జవాబు. అయితే కొన్ని షరతులు చెప్పాను. ఇవి బ్యాటరీలతో నడుస్తాయి, తగ్గుతున్నాయని హెచ్చరిక వచ్చినప్పుడు మార్చకపోతే ఒకనాడు నిలిచిపోతాయి. అలాంటప్పుడు బయటనుంచి 9 వోల్టుల బ్యాటరీ ఆనించి గాని, చార్జరు కేబుల్ తగిలించి గాని తాత్కాలికంగా ప్రాణం పోసే వీలు చాలా వాటికి ఉంటుంది, ఆ వీలు ఎక్కడుందో కొన్నరోజే చూసుకోవాలి. కూడా ఇచ్చే మామూలు తాళంచెవిని చాలామంది ఇంట్లోనే బీరువాలో పెడతారు. అప్పుడు అది ఉన్నా లేనట్టే. అన్నిటికన్నా ముఖ్యం, కొన్ని డిజిటల్ తాళాలకు లోపలివైపు తిప్పితే బయటి కోడ్ పనిచేయకుండా చేసే బిళ్ల ఉంటుంది. అది పిల్లవాడికి అందే ఎత్తులో ఉంటే మళ్లీ మొదటికే వస్తాము.

ఇవన్నీ విన్నాక వారు వేరే దారి ఎంచుకున్నారు. నైట్ లాచ్ తీసేసి, తాళంచెవి తిప్పితే తప్ప పడని డెడ్‌బోల్ట్ పెట్టించుకున్నారు. బయటికి వెళ్లేవారు ప్రతిసారీ ఆగి తాళం వేయాలి, మరచిపోతే ఇల్లు బార్లా తెరిచినట్టే. ఆ బాధ్యత వారికి బరువనిపించలేదు. పసిపిల్లలు, మతిమరుపు వచ్చిన పెద్దలు ఉన్న ఇళ్లకు దానంతట అదే పడే తాళం తగదన్నది నా అభిప్రాయం. అందరూ ఉదయం వెళ్లి రాత్రి వచ్చే ఇంటికి అదే తాళం సరిపోతుంది. తలుపు అడుగు గడియను తీసి, పెద్దవాళ్లకే అందే ఎత్తులో బిగించాను. గాలికి కొట్టుకోకుండా గోడకు అయస్కాంతపు ఆపు ఒకటి పెట్టాను. కొత్త తాళం చెవుల్లో ఒకటి ఎదురింటివారి దగ్గరికి వెళ్లింది. తాళంచెవి దాచే చెప్పుల స్టాండు, పూలకుండీ, మీటరు పెట్టె వంటి చోట్లు మనకన్నా దొంగకే బాగా తెలుసని వారికి చెప్పనవసరం లేకపోయింది. భార్యాభర్తలు ఒకరి నంబరు ఒకరు నోటికి నేర్చుకున్నారు. ఆమె పుట్టింటి నంబరుతో సహా మూడు నంబర్లు వాచ్‌మన్ పుస్తకంలో కూడా రాయించారు.

అపార్ట్‌మెంటు సంఘం కూడా ఈ సంగతి చర్చించి, ప్రతి ఫ్లాటునుంచి రెండో చెవి తీసుకుని వాచ్‌మన్ గదిలో పెట్టెలో పెడదామని ఒక ప్రతిపాదన తెచ్చింది. నన్ను అడిగినప్పుడు వద్దన్నాను. వాచ్‌మన్లు ఏడాదికోసారి మారుతుంటారు, చెవికి నకలు తీయించడానికి బజారులో కొద్ది నిమిషాలు చాలు, ఏదైనా పోయిన రోజున మొదటి అనుమానం ఆ పేదవాడి మీదే పడుతుంది. చెవులకు బదులు ప్రతి ఫ్లాటుకూ తెలిసినవారి నంబర్లు రెండు, పొయ్యి గ్యాసుదో కరెంటుదో, ఒంటరిగా ఉండే పెద్దవారున్నారో లేదో రాసి ఉన్న పట్టిక ఒకటి వాచ్‌మన్ గదిలో పెట్టమన్నాను. సంఘం దానికి ఒప్పుకుంది గాని, మేడ మీది రెండు ఫ్లాట్లవారు తమ వివరాలు ఇంకా ఇవ్వలేదు.